ఛాయా సోమేశ్వరాలయంలో నీడ ఫొటో: నా చిన్న కెమెరాకు కుదిరిన సెట్టింగులు

నల్లగొండ పక్కన పానగల్లులో, ఛాయా సోమేశ్వరుడి గర్భాలయం గోడపై పగలంతా నిలిచే నీడను తీస్తే, నా కెమెరాలో ఎప్పుడూ అలుక్కుపోయిన బూడిదరంగే వచ్చేది. జూమ్, రాత్రి మోడ్ వృథా. ఫ్లాష్ అయితే నీడనే చెరిపేసింది.

చివరికి ఫలించింది ఇది. ఫ్లాష్ ఆపి, కొన్ని సెట్టింగులు మనమే మార్చుకోగల ‘పి’ మోడ్‌కు మార్చాను. ఆటోలో 1600 దాకా ఎగబాకుతున్న ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని) 100 దగ్గర కట్టేశాను. అప్పుడు చాలినంత వెలుగు కోసం షట్టర్ దాదాపు సెకను తెరిచి ఉంటుంది, చేత్తో పట్టుకుంటే కుదరదు. మండపం నేలపై సంచి మడిచి, కెమెరాను దానిపై ఆనించి, 2 సెకన్ల టైమర్ పెట్టాను. బటన్ నొక్కిన అదురు ఆలోపు సద్దుమణుగుతుంది. అసలు కీలకం ఎక్స్‌పోజర్ సవరణ (ఫొటో వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగు): నల్లరాతిని కెమెరా తెల్లబరుస్తుంది, అందుకే మైనస్ 0.7కు దించాను. నీడ అంచు గీత గీసినట్టు తేలింది!

నేను తీసింది ఎండ ఉన్న ఉదయం. మబ్బు పడితే మైనస్ 0.3 చాలేమో. అర్చకులను అడిగాకే తీయండి.