గర్భవతినని ఆఫీసులో చెప్పేటప్పుడు

మాదాపూర్‌లో హెచ్‌ఆర్ పని చేస్తున్నదాన్ని, కాబట్టి టేబుల్‌కి అటువైపు ఏం జరుగుతుందో చెప్తాను. 'ప్రెగ్నెంట్‌ని' అనగానే మేనేజర్ స్వీట్లేవీ అంటాడు. అమ్మాయి బయటికి వెళ్లగానే, ఆమె ప్రాజెక్టులో ఎవరిని పెడదామని నన్ను అడుగుతాడు. అందుకని నోటితో చెప్పిన రోజే మెయిల్ కూడా పెట్టండి.

అందులో డాక్టర్ చెప్పిన ప్రసవం తేదీ, సెలవు ఎప్పటి నుంచి కావాలో రాసి, సర్టిఫికెట్ జత చేస్తే చాలు. 'టీమ్‌కి ఇబ్బంది కలిగిస్తున్నందుకు సారీ' అని రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పెళ్లికి సెలవు పెట్టే మగపిల్లలెవరూ అలా రాయరు.

ప్రసవం తేదీకి ముందు 12 నెలల్లో ఆ సంస్థలో కనీసం 80 రోజులు పని చేసి ఉంటే, 26 వారాలు జీతంతో సెలవు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణకు ముందు 12 వారాలే ఉండేది. ప్రసవానికి ముందు 8 వారాలకు మించి వాడుకోలేరు. ఇప్పటికే ఇద్దరు పిల్లలుంటే మొత్తం 12 వారాలే. 'ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు వర్తించదు' అంటే నమ్మకండి, చట్టం చూసేది ఆ 80 రోజులనే. జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కోత పడేవాళ్లకు మాత్రం డబ్బు ఈఎస్ఐ నుంచి వస్తుంది, దాని లెక్క వేరు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఈ మాట దగ్గర: "ఇప్పటికి రిజైన్ చేసెయ్యమ్మా, పాప కాస్త పెద్దదయ్యాక మళ్లీ తీసుకుంటాం." కాఫీ తెప్పించి మరీ చెప్తారు. ప్రసూతి సెలవులో ఉన్న మనిషిని తీసేయడం చట్టవిరుద్ధం, అందుకే ఆమె చేతే రాయించుకోవాలని చూస్తారు. ఆ గదిలో దేని మీదా సంతకం పెట్టకండి. "ఆలోచించి మెయిల్ చేస్తాను" అని లేచి రండి. సీట్లో కూర్చోగానే, 'ఇందాక నన్ను రాజీనామా చేయమన్నారు. నేను చేయడం లేదు' అని రాసి పంపండి. ఆ రెండు వాక్యాలు చేరాక ఎంతటి గొంతైనా తగ్గడం నేను చూశాను. ఇంట్లోనూ ఇదే పాట ఉంటుంది, 'ఉద్యోగం మళ్లీ దొరక్కపోతుందా' అని. అమీర్‌పేట కోచింగ్‌కి ఫీజు కట్టిన రోజు ఆ మాట ఎవరూ అనలేదు!

సెలవుకు వెళ్లే ముందు, ఆ ఏడాది చేసిన పనంతా రాసి మేనేజర్‌కి పంపండి. అప్రైజల్ మీరు లేనప్పుడే జరగొచ్చు.

తిరిగి వచ్చాక క్రెష్, అంటే పని వేళల్లో పసిపిల్లల్ని చూసుకునే చోటు గురించి అడగండి. 50 మంది, అంతకు మించి ఉన్న సంస్థ ఆ సదుపాయం కల్పించాలి. బిడ్డను రోజుకు 4 సార్లు చూసి రావచ్చు. సెలవు జీతం ఎగ్గొడితే మెయిళ్లన్నీ ప్రింట్ తీసుకుని కార్మిక శాఖలో ఫిర్యాదు ఇవ్వండి.