శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

మందస, పలాస, పాతపట్నం వైపుల నుంచి శివరాత్రికి మహేంద్రగిరి వెళ్లేవారు మొదట చూసుకోవలసింది దారి. శిఖరం ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. తమిళనాడులోనూ ఇదే పేరుగల కొండ, అక్కడ ఇస్రో కేంద్రం ఉన్నాయి కనుక, ఫోన్‌లో పేరొక్కటే కొట్టి బయలుదేరకుండా పర్లాకిమిడి మీదుగా దారి పెట్టుకోవాలి. ఈ చిక్కు కొత్తది కాదు. మహేంద్రుడంటే ఇంద్రుడే, ఆయన పేరిటి పర్వతం పురాణాలు చెప్పే ఏడు కులపర్వతాలలో ఒకటి. హనుమంతుడు లంకకు లంఘించిన మహేంద్రం దక్షిణాన ఉన్నదని, పరశురాముడు తపస్సు చేసినది మాత్రం మన కళింగంలోనిదని ఇక్కడివారి నమ్మకం. తూర్పు గంగరాజులు తమ రాగి శాసనాల్లో కొలిచిన గోకర్ణస్వామి ఈ మహేంద్రాచలవాసియే. బారువ దగ్గర సముద్రంలో కలిసే మహేంద్రతనయ పేరు కూడా ఈ కొండ నుంచి వచ్చినదే.

శిఖరం ఎత్తు 1,501 మీటర్లు. కిందికంటే పైన సుమారు పది డిగ్రీల వేడి తక్కువ ఉంటుంది కాబట్టి, జాగారం చేసేవారికి ఉన్ని దుప్పటి, చెమటకు తడిసిన బట్టలు మార్చుకోవడానికి పొడి జత తప్పనిసరి. పైనున్న గడ్డి ఆ రోజుల్లో ఎండి ఉంటుంది. గాలికి ఎగిరిన బీడీ నిప్పురవ్వ చాలు, వాలంతా అంటుకుంటుంది.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం వారికి మరొక మాట. ఉపవాసమని నీళ్లు కూడా మాని, చెమటోడ్చి ఎక్కి, మోకాళ్లు పట్టేశాయని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు వేసుకుంటే, అసలే ఒంట్లో నీరు తగ్గిన వేళ కిడ్నీలకు రక్తప్రసరణ ఇంకా పడిపోతుంది. ఉపవాసం అన్నానికే పరిమితం చేసుకుని, నీళ్లు కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. డయాలసిస్ చేయించుకుంటున్నవారు, డాక్టరు నీటికి కొలత పెట్టినవారు కొండ ఎక్కకపోవడమే మేలని నా అభిప్రాయం. శివుడు శ్రీముఖలింగంలోనూ ఉన్నాడు. షుగరు మాత్రలు వాడేవారు ఉపవాసంనాటి మోతాదును ముందే అడిగి తెలుసుకోవాలి.

మందస వైపు అడవి దారిన నడిచేవారు తెల్లవారకముందు, పొద్దుగూకాక కదలకూడదు. ఎలుగుబంట్లు తిరిగే వేళ అదే. గుంపుగా మాట్లాడుకుంటూ నడిస్తే అవి చాలావరకు తప్పుకుంటాయి, పిల్లలతో ఉన్న తల్లి ఎలుగు మాత్రం తప్పుకోదు. ఏనుగుల జాడ ఉందని గిరిజనులు చెబితే ఆ దారి వదిలేయాలి. ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోకుండా, తప్పిపోతే భీముని గుడి దగ్గరా, కుంతి గుడి దగ్గరా, ఎక్కడ కలుసుకోవాలో కిందనే అనుకోవాలి.

దిగి వచ్చిన కొద్ది వారాల్లో చలిజ్వరం వస్తే, మన్యంలో రాత్రి గడిపామని డాక్టరుకు చెప్పి మలేరియా పరీక్ష చేయించుకోవాలి.