అరవై దాటిన వారికి దూరపు సైకిల్ యాత్ర – 3వ పాఠం: దూరం పెంచుకోవడం

గత పాఠంలో సీటు ఎత్తును సరిచేసుకోవడం, హ్యాండిల్‌ను కొంచెం పైకి తెచ్చి నడుము మీది భారాన్ని తగ్గించుకోవడం నేర్చుకున్నాము. వైద్య పరీక్ష ముగించుకొని, చదునైన రోడ్డు మీద గంటసేపు దిగకుండా తొక్కగలుగుతున్న వారు ఈ పాఠానికి సిద్ధమైనట్లే. మన యాత్ర బరంపురంలో మొదలై, గిరిసోల దాటి, ఇచ్ఛాపురం మీదుగా తొలిరోజు సాయంత్రానికి పలాస, మలిరోజుకు శ్రీకాకుళం చేరుతుంది. రోజుకు సుమారు 75 కిలోమీటర్లు. దీని ద్వారా సేకరించే సొమ్ము శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో డయాలసిస్ చేయించుకుంటున్న వారి రాకపోకల ఖర్చుకు వెళుతుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి ప్రారంభమైంది. అయినా వారానికి రెండు మూడు సార్లు, వెళ్ళిన ప్రతిసారీ నాలుగేసి గంటలు యంత్రం పక్కన గడపవలసిన రోగికి ఆటో కిరాయి తప్పదు, తోడు వచ్చిన వారికి ఆనాటి కూలి దక్కదు.

దూరం పెంచడంలో పాటించవలసిన లెక్క చిన్నదే. ఈ వారం మొత్తం తొక్కిన దూరానికి వచ్చే వారం పదోవంతుకు మించి కలపకూడదు. మూడు వారాలు పెంచాక నాలుగో వారం మూడోవంతు తగ్గించాలి. తగ్గించే వారాన్ని చాలామంది దండగ అనుకొని వదిలేస్తారు, నా దృష్టిలో అన్నిటికంటె విలువైనది అదే. శ్రమ వల్ల కండరాల్లో కలిగే సూక్ష్మమైన గాయాలు విశ్రాంతి సమయంలో మానుతూ కండను బలపరుస్తాయి. వయసు పెరిగిన కొద్దీ ఆ మానడానికి ఎక్కువ వ్యవధి కావాలి కనుక, ముప్పై ఏళ్ళ మనవడు రోజు విడిచి రోజు తొక్కుతున్నాడని మనమూ అలాగే తొక్కితే మోకాళ్ళు మొరాయిస్తాయి. వారానికి మూడు రోజులు చాలు: రెండు రోజులు గంటేసి, ఆదివారం తెల్లవారుజామున ఒక పొడుగు ప్రయాణం.

ఆ పొడుగు ప్రయాణానికి బరంపురం వారికి దారులు సిద్ధంగానే ఉన్నాయి. మొదట గోపాల్‌పూర్ సముద్రం దాకా వెళ్ళి రావాలి, రాను పోను ముప్పై కిలోమీటర్లకు పైగా వస్తుంది. అది సులువయ్యాక ఛత్రపురం. ఆ తరువాత రంభ దాకా వెళ్ళి, చిలికా ఒడ్డున సేదతీరి, సైకిల్‌తో సహా రైల్లోనో వ్యానులోనో తిరిగి రావచ్చు. ఒక్క రోజులో 75 కిలోమీటర్లు సాధన చేసి చూడవలసిన అవసరం లేదు. శనివారం 45, ఆదివారం మళ్ళీ 45 తొక్కి, సోమవారం మెట్లు దిగేటప్పుడు మోకాలు నొప్పి పెట్టకపోతే రెండు రోజుల యాత్రకు శరీరం ఒప్పుకున్నట్లే.

వేగం విషయంలో చేతి గడియారం చూపే గుండె వేగాన్ని పూర్తిగా నమ్మవద్దు. బీపీకి, గుండెకు వాడే కొన్ని మాత్రలు, ముఖ్యంగా బీటా బ్లాకర్లు, గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి కాబట్టి, శరీరం ఎంత శ్రమపడుతున్నదో ఆ అంకె చెప్పలేదు. అంతకంటె నమ్మకమైన కొలత మన నోటిలోనే ఉంది. తొక్కుతూ ఒక వేమన పద్యం చదవండి. పాదానికొక ఊపిరి చొప్పున నిదానంగా సాగితే వేగం సరిగ్గా ఉన్నట్లు. పాదం మధ్యలో ఊపిరి తెగితే తేలిక గేరుకు మారండి. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్ళు తిరగడం కనిపిస్తే అక్కడికక్కడే దిగి సాయం పిలవాలి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి తొక్కిన నాటి రాత్రి కూడా షుగరు పడిపోయే వీలుంది కాబట్టి, మోతాదు గురించి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

యాత్రకు డిసెంబరు చివరి వారాలు గాని, జనవరి గాని అనుకూలం. అక్టోబరును నేను ఒప్పుకోను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాయి. రెండూ మన దారి మీదివే. చలికాలంలో ఈ తీరాన గాలి ఎక్కువగా ఈశాన్యం నుండి వీస్తుంది. బరంపురం నుండి శ్రీకాకుళం వైపు నైరుతి దిశగా సాగే మనకు అది వెన్నుదన్నుగా ఉంటుంది. యాత్రను శ్రీకాకుళంలో మొదలుపెట్టకపోవడానికి కారణం ఇదే.

విరాళాల గురించి ఈ పాఠంలోనే చెప్పవలసిన మాట ఒకటుంది. కిలోమీటరుకు ఇంత అని ఎవరితోనూ మాట తీసుకోకండి. అలా తీసుకున్న వారు, జ్వరం వచ్చినా, మోకాలు వాచినా, రోగికి చేరే సొమ్ము తగ్గిపోతుందన్న బాధతో తొక్కుతూనే ఉంటారు. అటువంటి మంచితనమే ఈ వయసులో ప్రమాదం తెచ్చిపెడుతుంది. ఇచ్చే మొత్తాన్ని యాత్రకు ముందే ఇమ్మని అడగండి, సోంపేటలో ఆగిపోవలసి వచ్చినా పైసా తిరిగి ఇవ్వబోమని ముందుగానే చెప్పండి. మన పెద్దరికం చూసి ఇచ్చే వారు దానికి అభ్యంతరం చెప్పరు.

వచ్చే పాఠం దారిలో తిండి, నీరు గురించి. ఈలోగా ఒక నోటుపుస్తకం పెట్టుకొని, రోజూ ఉదయం మంచం దిగకముందు నాడిని నిమిషం సేపు లెక్కించి రాయండి. మీ మామూలు అంకె కంటె అది స్పష్టంగా పెరిగిన రోజున సైకిల్ బయటికి తీయవద్దు. పొడుగు ప్రయాణానికి ముందు, తరువాత బరువు తూచి ఆ రెండు అంకెలూ పక్కపక్కనే రాసి ఉంచండి. ఎంత నీరు తాగాలో వాటిని బట్టే లెక్క కడతాము.