హనుమకొండ ఎండలో కియాంటీ సీసా

మా తమ్ముడి కొడుకు ఇటలీలో చదువుకుంటున్నాడు. పోయిన మే నెలలో వస్తూ "పెద్దబాపూ, ఇది నీకే" అని కియాంటీ క్లాసికో అనే రెడ్ వైన్ సీసా చేతిలో పెట్టాడు. రెడ్ వైన్ ఫ్రిజ్‌లో పెట్టొద్దని విన్నాను కదా అని బీరువా మీద పెట్టాను. పది రోజులకు చూస్తే బిరడా కొంచెం పైకి లేచింది, మూతి చుట్టూ ఎర్రటి జిగురు. పోసి చూస్తే ఉడికిన పండ్లరసం వాసన. పిల్లవాడు అంత దూరం నుంచి మోసుకొచ్చింది అలా పోయిందని చాలా బాధేసింది.

రెడ్ వైన్ ఫ్రిజ్‌లో పెట్టకుండా గది వేడిమిలోనే తాగాలన్న మాట యూరప్‌లోని చల్లటి రాతి ఇళ్లలో పుట్టింది. ఈ వైన్‌కు 16 నుంచి 18 డిగ్రీలు చాలు, మనకేమో మేలో 40 దాటుతుంది. అందుకే సీసా ఇంటికి రాగానే ఫ్రిజ్‌లోనే పెట్టండి. తాగే ముందు ఒక అరగంట బయట ఉంచండి. తొందరైతే బకెట్‌లో ఐస్ వేసి నీళ్లు కూడా పోయండి. ఉత్త ఐస్ సీసాకు అక్కడక్కడే తగులుతుంది, నీళ్లయితే చుట్టూ పట్టుకుని తొందరగా చల్లబరుస్తాయి.

సీసా మెడ మీద నల్లకోడిపుంజు బొమ్మ ఉందా చూడండి. ఫ్లోరెన్స్, సియెనా నగరాల మధ్య కొండల్లో తయారైన క్లాసికోకు అదే గుర్తు. ఉత్త 'కియాంటీ' అని ఉంటే ఆ నగరాలున్న టస్కనీ రాష్ట్రంలో ఇంకా విశాలమైన ప్రాంతానిది. ఆ కొండలకు 1716లోనే టస్కనీ పాలకుడు మూడో కోసిమో ఎల్లలు గీయించాడు. 1872లో బెత్తినో రికాసోలీ అనే బారన్, సాంజొవేసె ద్రాక్ష ప్రధానంగా ఉండాలని, కనాయొలో అనే ఇంకో ద్రాక్ష దాన్ని మెత్తబరుస్తుందని ఒక ఉత్తరంలో రాశాడు. త్వరగా తాగే వైన్‌లో తెల్లద్రాక్ష కూడా కలపొచ్చన్నాడు. క్లాసికోలో 2006 పంట నుంచి తెల్లద్రాక్ష నిషిద్ధం, సాంజొవేసె కనీసం 80 శాతం ఉండాలి.

మొదటి గుక్కకే పులుపు, వెంటనే వగరు. నేరేడు పండు తిన్నాక నాలుక బిగుసుకుంటుందే, అచ్చం అలాగే. ఇది బాగాలేదని పక్కన పెట్టేయకండి. మాంసం ముక్కతో కలిపి తాగండి, కొవ్వు తగలగానే ఆ వగరు మెత్తబడుతుంది.

మటన్ కూరలో టమాటాలు దండిగా వేయండి, ఆ పులుపు వైన్ పులుపుకు సరిపోతుంది. కారం ఎక్కువైతే మాత్రం వైన్ చేదెక్కి గొంతు మండుతుంది. నేనైతే మన వరంగల్ చపాటా మిర్చే వాడతాను. కూరకు ఎర్రటి రంగు వస్తుంది, నాలుక మండదు. ఈ సంక్రాంతికి వాడు తెచ్చిన రెండో సీసా ఈ కూరతోనే తాగాం.

మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు రోజుల్లోపు తాగేయండి.