టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2కి ఆర్టోఫోన్ 2ఎం రెడ్ బిగించడం

టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2 ఒక రికార్డు ప్లేయర్, ఆర్టోఫోన్ 2ఎం రెడ్ దానికి బిగించే కార్ట్రిడ్జ్, అంటే సూది ఉండే భాగం. ముందు కార్ట్రిడ్జ్ వెనక పెట్టే వైర్లు. తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. సూదికి తొడుగు పెట్టే ఉంచి పని చేయండి.

కార్ట్రిడ్జ్‌ని హెడ్‌షెల్‌లో (ఆర్మ్ ముందు కొసన కార్ట్రిడ్జ్ కూర్చునే భాగం) వదులుగా బిగించి, సూది మొన నుంచి హెడ్‌షెల్ వెనకున్న రబ్బరు వాషర్ దాకా స్కేలుతో కొలవండి. సరిగ్గా 52 మి.మీ. ఉండాలి. స్క్రూలు రెండూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి తిప్పండి, ఒకటే ముందు బిగిస్తే కార్ట్రిడ్జ్ వంకర తిరుగుతుంది.

ఇప్పుడు బరువు. యాంటీ స్కేటింగ్ (ఆర్మ్ రికార్డు మధ్యకి లాగకుండా ఆపే అమరిక) సున్నాలో పెట్టి, తొడుగు తీసి, ఆర్మ్ వెనక కొసనున్న కౌంటర్‌వెయిట్ తిప్పుతూ పోతే ఒక చోట ఆర్మ్ త్రాసు దండెలా గాలిలో నిలుస్తుంది. అక్కడ అంకెల రింగు ఒక్కదాన్నే సున్నాకి తేవాలి. ఆ తర్వాత రింగు కాదు, కౌంటర్‌వెయిట్‌నే 1.8 (గ్రాములు) దాకా తిప్పాలి. చాలామంది పొరబడేది ఇక్కడే: రింగు తిప్పితే అంకె మారుతుంది, సూది మీద బరువు మాత్రం మారదు. యాంటీ స్కేటింగ్ కూడా 1.8కే మొదలుపెట్టండి.

తక్కువ బరువైతే రికార్డు పదిలం అనుకోవద్దు. బరువు చాలకపోతే సూది గాడి గోడల మధ్య ఎగిరెగిరి పడుతుంది. గాయకురాలి ‘స’, ‘ష’ చిట్లినట్టు వినిపిస్తాయి, గోడలూ దెబ్బతింటాయి. 1.6 నుంచి 2.0 గ్రాములు దాటకుండా చిన్న డిజిటల్ త్రాసుతో సరిచూసుకోండి, అదీ రికార్డు ఎత్తులోనే.

చివరగా ఆర్మ్ ఎత్తు: ఆర్మ్ అడుగునున్న లాక్ వదులు చేసి, సూది రికార్డు మీద ఉన్నప్పుడు ఆర్మ్ గొట్టం దానికి సమాంతరంగా కనిపించేదాకా ఎత్తు మార్చే రింగు తిప్పి, మళ్లీ లాక్ చేయండి.