రంగుల ఫిల్మ్‌లో నెబ్యులా ఎర్రగా రావట్లేదా?

నెబ్యులా అంటే అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం. అది ఫొటోలో పడకపోతే, ఫిల్మ్‌ని తిట్టుకునే ముందు డెవలప్ అయిన నెగటివ్‌ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. ‘ఈ ఫిల్మ్ దండగ’ అనేవాళ్లలో చాలామంది చూసేది ల్యాబ్ పంపిన స్కాన్ ఒక్కటే. ఫోకస్, ట్రాకింగ్ (నక్షత్రాలు కదిలేకొద్దీ కెమెరానీ వాటితో పాటు తిప్పడం) మీకు వచ్చనే అనుకుని మిగతాది చెబుతున్నాను.

సమస్య: ఆకాశం బూడిదరంగులో ఉంది, ఫ్రేమ్ సగానికి తెగింది

ఇది ల్యాబ్ పని. చీకటి ఫ్రేమ్ కనిపించగానే స్కానర్ దానంతట అదే వెలుతురు పెంచేస్తుంది. ఫ్రేమ్ అంచు ఎక్కడుందో కూడా దానికి అంతుపట్టదు. ఫ్రేమ్ అంచు తెలిసేలా రోల్‌లో మొదటి ఫ్రేమ్ పగటిపూట మామూలు ఫొటో తీయండి. ‘కత్తిరించొద్దు, ఆటో కరెక్షన్ వద్దు’ అని కవర్ మీదే రాసివ్వండి. నోటితో చెబితే మర్చిపోతారు.

సమస్య: అన్నీ పడ్డాయి, ఎరుపు ఒక్కటే లేదు

నక్షత్రాలు సూదిమొనల్లా ఉంటాయి. కృత్తికల చుట్టూ నీలి మసక కూడా పడుతుంది. డెనెబ్ నక్షత్రం పక్కన ఉండాల్సిన నార్త్ అమెరికా నెబ్యులా మాత్రం ఉండదు. అందరూ బోల్తా పడేది ఇక్కడే. ఎక్స్‌పోజర్ 10 నిమిషాల నుంచి 20కి పెంచుతారు, ఐఎస్ఓ (వెలుతురుని ఫిల్మ్ ఎంత త్వరగా పడుతుందో చెప్పే నంబర్) 400 తీసేసి 800 వేస్తారు. ఆకాశం తేలిపోతుంది తప్ప నెబ్యులా రాదు.

ఈ నెబ్యులాల ఎరుపు ఎక్కువగా హైడ్రోజన్ వెలువరించే ఒకే రంగు వెలుతురు, అంటే హైడ్రోజన్ ఆల్ఫా గీత నుంచి వస్తుంది. దాని తరంగదైర్ఘ్యం 656.3 నానోమీటర్లు. రంగుల ఫిల్మ్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టే మూడు పొరలుంటాయి. కొన్ని ఫిల్మ్‌ల ఎరుపు పొర సరిగ్గా ఆ దరిదాపుల్లోనే చూపు కోల్పోతుంది. ఎర్ర పువ్వు నుంచి వచ్చే వెలుతురు 600 నుంచి పైకి విస్తారంగా పరుచుకుని ఉంటుంది కాబట్టి అదే ఫిల్మ్ పువ్వుని బ్రహ్మాండంగా పట్టేస్తుంది. అందుకే పగటి ఫొటోలు చూసి ఈ లోపాన్ని ఎవరూ పసిగట్టలేరు.

ఫిల్మ్ కంపెనీ ఇచ్చే డేటాషీట్‌లో స్పెక్ట్రల్ సెన్సిటివిటీ గ్రాఫ్ ఉంటుంది, ఏ తరంగదైర్ఘ్యాన్ని ఏ పొర ఎంత పడుతుందో చెబుతుంది. ప్రింట్ తీసి, 656 దగ్గర స్కేలు పెట్టి నిలువు గీత గీయండి. ఎరుపు పొర వంపు తన శిఖరం కంటే ఆ గీత మీద ఎంత కిందికి దిగిందో చూడండి. నిలువు అక్షం లాగరిథమ్‌లో ఉంటుంది, కొంచెమే దిగినట్టు కనిపించి మోసం చేస్తుంది. 0.3 దిగితే ఒక స్టాప్ పోయినట్టు, అంటే సగమే మిగిలినట్టు. 1 దిగితే పదో వంతే మిగిలినట్టు, అంటే పెట్టె మీద 400 అని ఉన్నా ఆ ఎరుపుకి అది దాదాపు 40 ఫిల్మే. 0.3 లోపు ఉంటే నేను కళ్లు మూసుకుని కొంటాను. 1 దగ్గరికి వస్తే స్టార్ ట్రెయిల్స్‌కి (నక్షత్రాలు గీతల్లా పడే ఫొటోలకి) వాడుకోండి, నెబ్యులాలకి వద్దు.

పాత సలహాలతో ఇంకో చిక్కు. కొడాక్ ఎక్టాక్రోమ్ ఈ200 ఫిల్మ్‌ని ఖగోళ ఫొటోగ్రాఫర్లు నెత్తిన పెట్టుకునేవారు, ఇప్పుడది తయారుకావట్లేదు. 2018లో వచ్చిన ఈ100 పేరు దగ్గరగా ఉన్నా ఎమల్షన్ (ఫిల్మ్ మీది రసాయన పూత) వేరు, దాని గ్రాఫ్ దానిదే. పేరు మారకుండా ఎమల్షన్ మారిన సందర్భాలూ ఉన్నాయి, అందుకని డేటాషీట్ తేదీ కూడా చూడండి.

గ్రాఫ్ దొరక్కపోతే 50 ఎంఎం లెన్స్‌తో, అపెర్చర్ ఎఫ్/4 దగ్గర, డెనెబ్‌ని మధ్యలో పెట్టి ట్రాకింగ్‌తో 10 నిమిషాలు తీయండి. అదే రోల్‌లో కృత్తికల్ని కూడా తీయండి. నీలం పడి ఎరుపు పడకపోతే ఇక ఎక్స్‌పోజర్‌తో కుస్తీ పట్టొద్దు, ఫిల్మ్ మార్చండి.

సమస్య: టైమ్ పెంచినా ఫలితం పెరగట్లేదు, రంగు ఒక పక్కకి తిరిగింది

ఇది రెసిప్రాసిటీ ఫెయిల్యూర్. ఎక్స్‌పోజర్ సాగేకొద్దీ ఫిల్మ్ మందగిస్తుంది, మూడు పొరలూ ఒకే తీరున మందగించవు కాబట్టి రంగు తిరుగుతుంది. ఫుజీ ప్రోవియా 100ఎఫ్‌కి 128 సెకన్ల దాకా ఎక్స్‌పోజర్ సవరణ అక్కర్లేదు. వెల్వియా 50కి 4 సెకన్ల నుంచే కావాలి, 64 సెకన్లు వద్దని కంపెనీయే అంటుంది. కాబట్టి ఐఎస్ఓ నంబర్ చూసి మురిసిపోకండి. ఎక్స్‌పోజర్ బాగా సాగితే 800 ఫిల్మ్‌ని మంచి 100 ఫిల్మ్ ఒక్కోసారి దాటేయొచ్చు. నెగటివ్‌లో తిరిగిన రంగుని స్కాన్‌లో కొంత సర్దుకోవచ్చు, స్లైడ్‌లో (రంగులు నేరుగా అసలు రంగుల్లోనే పడే ఫిల్మ్‌లో) ఆ వెసులుబాటు తక్కువ.

మెరుపు తీగల్లాంటి గీతలు స్టాటిక్ వల్ల వస్తాయి, ఫిల్మ్‌ని నెమ్మదిగా చుట్టండి. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌రే, లైట్ లీక్ లాంటివి అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.