సెయిల్‌బోట్ క్యాబిన్ అలంకరణ: పని మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

తెరచాపకి గాలి పట్టిందంటే పడవ 20 డిగ్రీలు పక్కకి వాలడం మామూలే. షాపులో నచ్చిందల్లా కొనే ముందు ఇవి చూసుకోండి.

- డ్రిల్ పట్టే ముందు ప్యానెల్ విప్పి వెనక ఏముందో చూడండి. వైర్లు, నీళ్ల ట్యాంకు, కొన్నిచోట్ల నేరుగా పడవ గోడే ఉంటుంది. ఎంత లోతు దిగాలో డ్రిల్ బిట్‌కి టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. స్క్రూలు 316 రకం (ఉప్పునీటికి తొందరగా తుప్పు పట్టని) స్టెయిన్‌లెస్ స్టీలువైతే మంచిది.

- ఉప్పునీటితో తడిసిన గుడ్డ ఎంత ఆరబెట్టినా మళ్లీ చెమ్మగిల్లుతుంది. అందులో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది మరి. మంచినీళ్లతో బాగా జాడించాల్సిందే. దళసరి నూలు కర్టెన్లు, నా లెక్కలో, దండగ. పరుపు కింద గాలి ఆడే చెక్కపట్టీలు లేకపోతే బూజు ఖాయం.

- కార్పెట్ అతికించి బిల్జ్ (పడవ అడుగున నీళ్లు చేరే చోటు) మూతల్ని, సీకాక్‌లని (పడవ గోడలోని నీటి గొట్టాలని మూసే వాల్వులని) కప్పేయొద్దు. నీరు లోపలికొస్తుంటే వెతుక్కునే టైం ఉండదు.

- జిగురు, పెయింట్ వాడుతుంటే హ్యాచ్‌లన్నీ (పైకప్పు మూతలన్నీ) తెరవండి. స్టవ్వు ఆపి, సిలిండర్ వాల్వ్ కట్టేయండి.

- స్పీకర్లు, అయస్కాంతం క్లిప్పులు దిక్సూచికి దూరంగా ఉండాలి. లేదంటే ముల్లు తప్పు దిక్కు చూపిస్తుంది.

- గాజు ఫ్రేములా? వద్దు.